రోడ్డు నాడి చూద్దాం రండి

పిల్లలూ! మీలో చాలామంది విజయవాడనుంచి హైదరాబాదుకో, హైదరాబాదునుంచి విజయవాడకో బస్సులో వెళ్ళి ఉంటారు. వెళ్ళనివాళ్ళు ఈ నెల నాతో రండి. టిక్కెట్టు అక్కరలేదు. అయితే ఒక్క షరతు. కొండలూ, చెట్లూ, ఊళ్ళూ తరవాత చూడవచ్చు. ఈసారి మనం రోడ్డునే చూడాలి.

"రోడ్డులో చూడడానికి ఏముంది మాస్టారూ? నల్లగా, పొడుగ్గా పడి ఉంటుంది!" అని నా శిష్యుడొకడు ఒకసారి అన్నాడు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. మీ నాన్నగారికి పొలం ఉందనుకోండి. ఎన్ని ఎకరాలు, ఎన్ని గట్లు, బావి ఎక్కడ, బోదె ఎక్కడ, ఎద్దుల వయసెంత అన్నీ ఆయనకు తెలుసు. రోడ్డు కూడా ఒక ఆస్తే. అది మనందరి ఆస్తి. దానికీ గట్లున్నాయి, బోదెలున్నాయి, వయసున్నది, జబ్బులున్నాయి. అవన్నీ ఎవరో ఒకరు కనిపెట్టి చూస్తూ ఉండాలి. చూడకపోతే ఏమవుతుందో దారిలో చెబుతాను.

మన బస్సు బయలుదేరింది. ఇది 65వ నెంబరు జాతీయ రహదారి. మచిలీపట్నాన్నీ, పూనానూ కలుపుతుంది. 2010లో దేశంలోని రహదారులకు కొత్త నెంబర్లు ఇచ్చారు. అంతకు ముందు దీని నెంబరు 9. మీ తాతగార్లు ఇప్పటికీ "తొమ్మిదో నెంబరు రోడ్డు" అనే అంటారు. గోల్కొండకూ మచిలీపట్నానికీ మధ్య రాకపోకలు చాలా పాతవి. 17వ శతాబ్దంలో వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు తన యాత్రా గ్రంథంలో గోల్కొండనుంచి మచిలీపట్నానికి పోయే దారిని గురించి రాశాడు.

గొల్లపూడి దాటాం. అదుగో, రోడ్డు పక్కన పసుపు తల ఉన్న రాయి! పసుపు తల ఉంటే జాతీయ రహదారి అని గుర్తు. ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగు ఉంటే పల్లెల రోడ్డు. ప్రతి కిలోమీటరుకూ ఒక రాయి ఉంటుంది. ప్రతి అయిదో రాయి కొంచెం పెద్దది. దూరం చెప్పడం ఒక్కటే ఈ రాళ్ళ పని కాదు. ఇవి రోడ్డుమీద ఉన్న ప్రతి వస్తువుకూ ఇంటి నెంబరు వంటివి. "పెద్ద మర్రిచెట్టు దగ్గర గొయ్యి పడింది" అని రాస్తే, చెట్టు కొట్టేసిన తరవాత ఆ గొయ్యి ఎక్కడని వెతుకుతారు? "214వ కిలోమీటరు దాటి 300 మీటర్ల దగ్గర, ఎడమ వైపు" అని రాస్తే, ముప్ఫై ఏళ్ళ తరవాత వచ్చిన కొత్త ఇంజనీరుగారు కూడా నేరుగా అక్కడికే వెళతారు.

ఆ చిరునామాతో ఒక చిట్టా రాస్తారు. ఏ కిలోమీటరులో ఏమున్నది? తూములు, వంతెనలు, పక్క కాలవలు, హెచ్చరిక బోర్డులు, దీపస్తంభాలు, అంచున ఉండే ఇనప కమ్మీలు, చెట్లు, చివరకు రోడ్డుమీద గీసిన తెల్లగీతలు కూడా. ఎప్పుడు కట్టారు, ఎప్పుడు బాగుచేశారు, ఇప్పుడు ఎలా ఉన్నది అన్నీ అందులో ఉంటాయి. చిట్టాలో లేని వస్తువును ఎవరూ బాగుచెయ్యరు. ఈ మాట నేను ఊరికే అనడంలేదు. అనుభవంమీద చెబుతున్నాను.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో బడికి పోయే దారికింద చిన్న తూము ఉండేది. రెండు సిమెంటు గొట్టాలు, అంతే. అందులో చెత్తా చెదారం, ప్లాస్టిక్ సంచులు పేరుకుపోయాయి. నేను రోజూ దానిమీదుగానే నడిచి వెళ్ళేవాణ్ణి. ఒక్కనాడూ వంగి చూడలేదు. ఒక ఏడు పెద్ద వానలు కురిశాయి. తూములోంచి పోవలసిన నీరు దారి లేక పక్కనించి మట్టిని కోసుకుంటూ పోయింది. పైన తారు మాత్రం చెక్కు చెదరకుండా కనిపిస్తున్నది. దానికింద అంతా డొల్ల! మర్నాడు ఉదయం ఆరో తరగతి పిల్లవాడొకడు సైకిలుమీద వస్తుండగా ఆ తారు పెంకులాగా విరిగింది. వాడి కుడిచెయ్యి విరిగింది. ఆ సంవత్సరం అర్ధసంవత్సరపు పరీక్షలు వాడు రాయలేకపోయాడు. తరవాత విచారిస్తే తెలిసింది, ఆ తూము ఎవరి చిట్టాలోనూ లేదట! రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాయడం మరిచిపోయారట. చిట్టా రాయనివారి తప్పు సరే. రోజూ నడిచి చూడని నా తప్పు కూడా కొంత ఉన్నది. అప్పటినుంచీ నేను ఏ తూము దాటినా ఒకసారి వంగి చూస్తాను.

కంచికచర్ల దాటి కీసర వచ్చాం. ఇది మున్నేటిమీద వంతెన. చెవులు రిక్కించి వినండి. టక్... టక్... టక్... చక్రాలు ఏదో దాటినట్లు చప్పుడు వస్తున్నది కదూ? వంతెన అంతా ఒకే పలక కాదు. ఎండకు సాగడానికీ, చలికి కుంచించుకోవడానికీ పలకకూ పలకకూ మధ్య సందులు వదులుతారు. ఆ పలకలు స్తంభాలమీద కదలడానికి వీలుగా వాటికింద రబ్బరు దిమ్మలవంటివి పెడతారు. ఆ సందుల్లో మట్టి బిగుసుకుపోయినా, దిమ్మలు చితికిపోయినా వంతెనకు కష్టమే. అందుచేత వానాకాలానికి ముందూ, తరవాతా ఇంజనీర్లు వంతెన కిందికి దిగి చూస్తారు. ముఖ్యంగా స్తంభాల పాదాలు చూస్తారు. వరదనీరు స్తంభం చుట్టూ సుడితిరిగి ఇసకను తవ్వుకుపోతుంది. వంతెనలు పడిపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం.

వంతెనలకూ కులగోత్రాలున్నాయి. పొడవు 6 మీటర్ల లోపు అయితే తూము, అనగా కల్వర్టు. 6 నుంచి 60 మీటర్ల దాకా చిన్న వంతెన. 60 మీటర్లు దాటితే పెద్ద వంతెన. 2016లో మన దేశపు జాతీయ రహదారులమీద ఉన్నవాటినన్నిటినీ ఒక్క చిట్టాలో చేర్చి, ఒక్కొక్కదానికి ఒక గుర్తింపు నెంబరు ఇచ్చారు. మొత్తం 1,72,517 లెక్కకు వచ్చాయి. వాటిలో 1,34,229 తూములే! అంటే నాలుగింట మూడు వంతులకు పైగా, మనం దాటామని కూడా తెలియకుండా దాటిపోయే చిన్న తూములే. వాటి ఆరోగ్యానికి మార్కులు కూడా వేస్తారు, మీకు బడిలో వేసినట్లు.

అదే సంవత్సరం ఆగస్టు 2వ తేదీ రాత్రి మహారాష్ట్రలో మహాడ్ అనే ఊరి దగ్గర సావిత్రీ నదిమీద ఇంగ్లీషువారి కాలపు రాతి వంతెన వరదలో కూలిపోయింది. ఆ చీకట్లో రెండు బస్సులు నదిలో పడి చాలామంది చనిపోయారు. ఆ సంగతి తలుచుకుంటే, చిట్టా రాయడం గుమాస్తా పని మాత్రమే కాదని తెలుస్తుంది.

ఇదుగో, ఐతవరం. 2023 జూలై చివరలోనూ, మళ్ళీ 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి, ఇక్కడ ఈ రోడ్డుమీదుగా ప్రవహించింది. రెండుసార్లూ రాకపోకలు ఆగిపోయాయి. రెండు పెద్ద పట్టణాల మధ్య పాలూ, మందులూ, కూరగాయలూ, మనుషులూ అన్నీ నిలిచిపోయాయి. వందల కిలోమీటర్ల రోడ్డు బాగానే ఉన్నా, ఒక్క చోట తెగితే రోడ్డంతా తెగినట్లే. గొలుసులో ఒక్క కడియం విరిగితే ఏమవుతుంది?

నందిగామ దాటాం. జగ్గయ్యపేట దాటితే తెలంగాణ వస్తుంది. నందిగామనుంచి హైదరాబాదు వైపు రోడ్డును నాలుగు వరసలుగా వెడల్పు చేసే పని 2012 నాటికి చాలావరకు పూర్తి అయింది. రోడ్డు ఎందుకు పాడవుతుందో ఇప్పుడు చూద్దాం. దీనికి శత్రువులు ఇద్దరు. ఒకటి నీరు, రెండు బరువు.

పైకి నల్లగా కనిపించే తారు చొక్కా వంటిది. దానికింద కంకర పొరలు, వాటికింద గట్టిచేసిన మట్టి ఉంటాయి. తారు పగిలితే నీరు లోపలికి దిగుతుంది. మట్టి మెత్తబడుతుంది. దానిమీద లారీ చక్రం పడగానే గొయ్యి. అందుకే రోడ్డు మధ్య కొంచెం ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు. నీరు నిలవకూడదు.

ఇక బరువు సంగతి. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో 1958నుంచి 1960దాకా ఒక పెద్ద పరీక్ష చేశారు. ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిమీద రకరకాల బరువులతో లారీలను రెండేళ్ళపాటు తిప్పుతూనే ఉన్నారు. సైనికులు వాటిని నడిపారు. చివరకు ఒక వింత తేలింది. ఇరుసుమీద బరువు రెండింతలు అయితే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలు! 2ను నాలుగుసార్లు హెచ్చవేసి చూడండి. 2 x 2 x 2 x 2 = 16. ఇప్పుడు మీరే ఒక లెక్క చెయ్యండి. కారు ఒక ఇరుసుమీద సుమారు అర టన్ను బరువు, లారీ ఇరుసుమీద 8 టన్నులు అనుకుందాం. 16 రెట్లు. మరి నష్టం? 16 x 16 x 16 x 16 = 65,536. అంటే ఒక లారీ ఇరుసు చేసే నష్టం చెయ్యడానికి అరవై అయిదు వేల పైచిలుకు కారు ఇరుసులు కావాలి! అంతెందుకు, పదింట ఒక వంతు బరువు ఎక్కువ వేసినా నష్టం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. "ఇంకో పది బస్తాలు వెయ్యి, ఏం పోయింది?" అనేవాడికి ఈ లెక్క చూపించండి.

లారీలను ఆపమనడం నా ఉద్దేశం కాదు. మనం తినే బియ్యం కూడా లారీలోనే వస్తుంది. ఎంత బరువు వస్తుందో ముందు తెలిస్తే అంత మందంగా రోడ్డు వేస్తారు. తెలియకుండా ఎక్కువ వేస్తేనే కష్టం.

కోదాడ వచ్చింది. బస్సు ఆగింది. టీ తాగే పెద్దలు తాగుతారు. మనం ఈలోగా రోడ్డు నాడి ఎలా చూస్తారో తెలుసుకుందాం.

మొదటి పరీక్ష: రోడ్డుకు బలం ఉన్నదా? దీనికి బెంకెల్‌మన్ అనే అమెరికను ఇంజనీరు 1950లలో ఒక పరికరం చేశాడు. మీరు తూగుడుబల్ల ఎక్కారు గదా, ఇదీ అలాంటి మీటే. మొత్తం పొడవు 3.66 మీటర్లు. లారీ వెనక జంట చక్రాల సందులో దీని మొన పెడతారు. లారీ బరువుకు రోడ్డు వెంట్రుకవాసి కిందికి వంగి ఉంటుంది. లారీ మెల్లిగా ముందుకు పోగానే రోడ్డు మళ్ళీ పైకి లేస్తుంది. ఎంత లేచిందో మీట రెండో చివర ఉన్న గడియారం ముల్లు చూపిస్తుంది. అది మిల్లీమీటరులో నూరో వంతును కూడా చూపగలదు. మొననుంచి ఇరుసుకు 2.44 మీటర్లు, ఇరుసునుంచి ముల్లుకు 1.22 మీటర్లు. కాబట్టి ముల్లు చూపినదానికి రెట్టింపు చేసుకోవాలి. ఎందుకో మీ సైన్సు మాస్టారిని అడగండి. తక్కువ వంగిన రోడ్డు బలమైనది, ఎక్కువ వంగినది బలహీనమైనది. ఈ రోజుల్లో రోడ్డుమీద ఒక బరువును ధబాలున పడవేసి, చుట్టూ ఎంత వంగిందో కొలిచే యంత్రాలు కూడా వాడుతున్నారు.

రెండో పరీక్ష: రోడ్డు నునుపుగా ఉన్నదా? ఒంటి చక్రం బండిని జీపు వెనక కట్టి గంటకు 32 కిలోమీటర్ల వేగంతో లాగుతారు. చక్రం గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆ ఎగురును యంత్రం కూడుతూ పోతుంది. ఒక కిలోమీటరు పోయేసరికి చక్రం ఎగిరినదంతా కలిపితే 2,000 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచి తారురోడ్డు. 3,000 దాటితే చెడ్డ రోడ్డు. చూశారా, 2,000 మిల్లీమీటర్లంటే రెండు మీటర్లు. మంచి రోడ్డుమీద కూడా చక్రం కిలోమీటరుకు ఒక మనిషి ఎత్తు ఎగురుతుందన్నమాట! అయితే ఆ ఎత్తు అంతా వేలకొద్దీ చిన్న చిన్న ఎగుళ్ళు కూడితే వచ్చినది గనక మనకు తెలియదు. ఇప్పుడు లేజరు కిరణాలతో, కెమెరాలతో మామూలు వేగంతో పోతూనే గతుకులూ, పగుళ్ళూ, గోతులూ అన్నీ కొలిచే బండ్లు వచ్చాయి.

ఇల్లినాయి పరీక్షలో యంత్రాలతోనే సరిపెట్టుకోలేదు. కొందరు మనుషులను కార్లలో ఎక్కించి, రోడ్డుమీద తిప్పి, 0నుంచి 5దాకా మార్కులు వెయ్యమన్నారు. ఎంత యంత్రమైనా చివరకు ప్రయాణం చేసేది మనిషే గదా! యంత్రం చూపిన అంకె మనిషి వేసిన మార్కుకు ఎంత దగ్గరగా ఉన్నదో చూసి, ఆ తరవాతే యంత్రాన్ని నమ్మారు.

ఈ కొలతలన్నీ ఎందుకు? గొయ్యి పడినాక పూడిస్తే చాలదా? మీ పెంకుటింట్లో ఒక పెంకు పగిలింది. వెంటనే మారిస్తే ఒక పెంకు ఖర్చు. ఊరుకుంటే వాన కారి వాసం చివుకుతుంది, గోడ నానుతుంది, చివరకు ఇల్లే కట్టుకోవాలి. రోడ్డూ అంతే. సన్న పగులు కనిపించినప్పుడే మూస్తే కొద్ది ఖర్చుతో పోతుంది. అయితే డబ్బు ఎప్పుడూ చాలదు. నూరు చోట్ల జబ్బుంటే పది చోట్లకే డబ్బుంటుంది. ఆ పది ఏవి? గట్టిగా అరిచినవారి ఊరు ముందా, ఎక్కువ ప్రమాదంలో ఉన్న చోటు ముందా? కొలత లేకపోతే అరుపే గెలుస్తుంది. కొలత ఉంటే న్యాయం జరగడానికి వీలుంటుంది.

సూర్యాపేట చేరాం. సగం దారి వచ్చేశాం. రోడ్డు ఆరోగ్యం చూశాం గదా, ఇక రోడ్డు తన పని ఎలా చేస్తున్నదో చూద్దాం. ముందు బండ్లు లెక్కపెట్టాలి. ఏడు రోజులపాటు, పగలూ రాత్రీ, ఏడాదికి కనీసం రెండుసార్లు లెక్కపెట్టాలని నియమం. ఒకసారి పంటలు చేతికొచ్చి మార్కెట్టుకు పోయే రోజుల్లో, ఒకసారి మామూలు రోజుల్లో. అన్ని బండ్లూ ఒకటి కావు. కారును 1 అనుకుంటే, మోటారు సైకిలు అర. బస్సూ, లారీ 3. మరి ఎద్దుబండి ఎంతో చెప్పండి? 8! ఎందుకంటే అది మెల్లిగా పోతూ వెనకవాళ్ళందరినీ ఆపుతుంది. చూడడానికి చిన్నదైనా రోడ్డుమీద ఎనిమిది కార్ల చోటు తీసుకుంటుంది.

తరవాత వేగం. ఒక చిక్కులెక్క ఇస్తాను. మన ప్రయాణం 270 కిలోమీటర్లు అనుకుందాం. మొదటి సగం బస్సు గంటకు 90 కిలోమీటర్ల చొప్పున, రెండో సగం 45 చొప్పున పోయింది. సగటు వేగం ఎంత? 67.5 అన్నారా? తప్పు! మొదటి 135 కిలోమీటర్లకు గంటన్నర, తరవాతి 135కు మూడు గంటలు, మొత్తం నాలుగున్నర గంటలు. 270ని 4.5తో భాగించండి. 60! మెల్లిగా పోయిన చోటే ఎక్కువసేపు ఉంటాం గనక అదే సగటును కిందికి లాగుతుంది. అందుచేత రోడ్డంతా బాగుచెయ్యడంకంటే ఇరుకైన ఒక్క కూడలి బాగుచేస్తే ఒక్కొక్కప్పుడు ఎక్కువ మేలు.

సగటు ఒక్కటే చాలదు. మామూలుగా అయిదు గంటల ప్రయాణం, ఇరవై రోజుల్లో ఒకరోజు ఏడు గంటలు పడుతుందనుకోండి. ఆస్పత్రికి రోగిని తీసుకుపోయేవారు, పరీక్షకు పోయే అక్కయ్య, ఆ ఒక్కరోజుకు భయపడి రోజూ రెండు గంటలు ముందు బయలుదేరవలసిందే. కాబట్టి "త్వరగా చేరుస్తుందా" అని అడిగి ఊరుకోకూడదు. "చెప్పిన వేళకు చేరుస్తుందా" అని కూడా అడగాలి.

అన్నిటికంటె పెద్ద కొలత ఇంకొకటి ఉన్నది. బయలుదేరినవారందరూ ఇల్లు చేరారా? 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. రోజుకు 460 మందికి పైగా. అందుకే 500 మీటర్ల రోడ్డులో మూడేళ్ళలో ప్రాణాలు పోయిన, లేదా గట్టి దెబ్బలు తగిలిన ప్రమాదాలు అయిదు జరిగినా, మూడేళ్ళలో పదిమంది చనిపోయినా ఆ చోటును ప్రమాదస్థలంగా గుర్తిస్తారు. ఆ తరవాత ఎందుకలా జరుగుతున్నదో చూసి, మలుపు సరిచెయ్యడమో, దీపాలు పెట్టడమో, మనుషులు దాటడానికి కింద దారి కట్టడమో చేస్తారు. ఎంత నునుపైన రోడ్డయినా, ఎంత వేగంగా చేర్చినా, బడిపిల్ల దాటలేకపోతే ఆ రోడ్డు పరీక్షలో తప్పినట్లే.

మూసీ వంతెన, నకిరేకల్, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటాం. అవుగో, హైదరాబాదు దీపాలు. దిగేముందు మీకు ఒక పని అప్పగిస్తాను.

ఇంటికి పోయి ఒక నోటుబుక్కు తీసుకోండి. మీ ఇంటినుంచి బడిదాకా ఉన్న రోడ్డుకు చిట్టా రాయండి. ప్రతి నూరు అడుగులకూ ఒక గుర్తు పెట్టుకోండి. తూములెన్ని? వాటిలో నీరు పారుతున్నదా, చెత్త నిండిందా? గోతులెక్కడ? దీపాలు వెలుగుతున్నాయా? రోడ్డు దాటడానికి ఎంతసేపు ఆగవలసి వస్తున్నది? వెంట ఒక పెద్దవారిని తీసుకువెళ్ళండి, రోడ్డు మధ్యకు పోకండి. రాయడం అయినాక పంచాయతీకో, మునిసిపాలిటీకో పెద్దలచేత ఒక కాపీ ఇప్పించండి. జాతీయ రహదారిమీద ఆపద కనిపిస్తే 1033 నెంబరుకు ఫోను చెయ్యమని నాన్నగారికి చెప్పండి.

వానాకాలానికి ముందే ఈ పని చెయ్యండి. ముందుగా తూముల్లోకి వంగి చూడండి.